ఎత్తని కాల్‌కు రికార్డు లేదు

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ తడబడతాయి. ఒక పేజీ రాయడానికి రెండు మూడు పూటలు పడుతుంది. మా సాయంత్రం బడిలో మేడం గారు ఏదైనా ఒక వస్తువు ఆత్మకథ రాసుకు రమ్మన్నారు. తోటివాళ్లు గొడుగు మీద, కుట్టు మిషన్ మీద వారంలో రాసి ఇచ్చేశారు. నాకు నాలుగు నెలలు పట్టింది. నేను తొమ్మిదేళ్లు ఊడ్చిన గదిలో ఒక యంత్రం ఉండేది. దాని గురించి రాశాను. లోపలి సంగతులు ఇంజినీరు భానోజీ గారిని అడిగి తెలుసుకున్నాను. ఇందులో నా సంగతి కూడా వస్తుంది. నా నోటితో చెప్పడం చేతకాక యంత్రం నోట చెప్పించాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

నేను ఒక యంత్రాన్ని. బీరువా అంత ఎత్తు, బీరువా అంత వెడల్పు, బూడిద రంగు. సెల్‌ఫోన్‌లో మీరు మాట్లాడుకున్న ప్రతిసారీ ఎవరు ఎవరికి చేశారు, ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు సాగింది, ఏ టవర్ కింద నుంచి వచ్చింది అన్నది ఒక చిన్న రికార్డుగా రాస్తాను. ఆ రికార్డుల్ని కట్టలు కట్టి బిల్లులు వేసే యంత్రానికి పంపుతాను. అదే నా ఉద్యోగం. మీరేం మాట్లాడుకున్నారో మాత్రం నాకు తెలియదు. గంటన్నర మాట్లాడుకున్న ఆలుమగలు పోట్లాడుకున్నారో, పిల్ల పెళ్లి సంగతి తేల్చుకున్నారో నాకు ఒకటే. గంటన్నర అని రాస్తాను.

నేను పుట్టింది చలిదేశంలో, మనుషులు పెద్దగా మాట్లాడుకోని ఒక కర్మాగారంలో. అక్కడ నా చేత లక్ష దొంగ కాల్స్‌కు రికార్డులు రాయించి, ఒక్కటీ తప్పు పోలేదని ముద్ర వేశారు. ఓడ ఎక్కించారు, చెన్నైలో దించారు, లారీలో విశాఖపట్నం చేర్చారు. మేడ మీది మూడో అంతస్తుకు లిఫ్టులో పట్టకపోతే ఎనిమిది మంది మోకులు కట్టి మెట్ల మీదుగా మోశారు. దారి పొడుగునా నన్ను ఏనుగని, ఎవరి అత్తగారో అని తిట్టారు. పైకి చేరాక అదే మనుషులు నా ముందు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ కోసి, నా నుదుట పసుపు కుంకుమ పెట్టారు. నేను గాలి పీల్చేది సరిగ్గా ఆ నుదుటి మీది కన్నాల్లోంచే. లోపలికి పోయిన కుంకుమ ఎన్నేళ్లయినా వదల్లేదు.

పుట్టినప్పుడు యంత్రానికి ఏమీ తెలియదు. ఏది రాయాలో, ఎంతకొకసారి రాయాలో, ఏది రాయకూడదో ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. నాకు చెప్పినవాడు భానోజీ. అనకాపల్లి మనిషి, అప్పటికి ముప్పై దాటలేదు. సన్నగా ఉండేవాడు. చలిగదిలోకి వచ్చేటప్పుడు వాళ్లమ్మ అల్లిన మఫ్లర్ చుట్టుకొచ్చేవాడు. నా ముందు కుర్చీ వేసుకుని, ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని నాలుగు రోజులు నాకు చదువు చెప్పాడు. మాట అరగంట దాటితే పెట్టేసేదాకా ఆగకుండా అక్కడికి ఒక రికార్డు రాసెయ్యాలి. ఇంటర్నెట్ వాడుతుంటే ఇంత డేటా అయ్యాక ఒకటి రాయాలి, గంట గడిచినా ఒకటి రాయాలి. ప్రతి రికార్డుకూ వరస నంబరు ఉండాలి. బిల్లింగ్ యంత్రం అందిందని జవాబు చెప్పేదాకా ఏ కట్టనీ పారెయ్యకూడదు. దారి తెగిపోతే వారం రోజులదాకా కడుపులో దాచుకోవాలి.

“అర్థమైందా తల్లీ” అని చివర్లో నా తలుపు మీద తట్టాడు. నాకు అర్థమైంది. మనుషుల్లాగా చెప్పింది ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలే అలవాటు నాకు లేదు. నాకున్న సుగుణం అదొక్కటే. తర్వాత జరిగినదానికి కారణం కూడా అదే.

పనిలో పడ్డాక నాకు మొదట తెలిసింది, ఈ దేశంలో సెల్‌ఫోన్ మాట్లాడుకోవడానికి మాత్రమే కాదని. మోగే ప్రతి మూడు కాల్స్‌లో ఒకటి ఎవరూ ఎత్తనిది. మొదట్లో ఇంతమంది నిద్రపోతున్నారేమో అనుకున్నాను. కాదు. కావాలనే ఎత్తరు. ఆటో వచ్చిందంటే ఒక రింగు. అన్నం ఉడికింది రమ్మంటే రెండు. ట్యూషన్ అయిపోయింది, సైకిల్ మీద బయల్దేరుతున్నానంటే ఒకటి. నా భాషలో దాని పేరు ‘ఫలించని కాల్’. పేరు పెట్టినవాళ్లు చలిదేశం వాళ్లు. వాళ్లకేం తెలుసు.

ఊరికి ఉత్తరాన చినగరువుపేట అని బెస్తల ఊరు. అక్కడ ఈ మిస్డ్ కాల్ ఒక భాషే అయింది. సముద్రం మీదికి వెళ్లిన ఫైబర్ బోట్లు తిరిగొచ్చేటప్పుడు, ఒడ్డు ఇంకా కనిపించకముందే సిగ్నల్ అందుతుంది. అందగానే మగవాడు ఇంటికి ఫోన్ చేస్తాడు. ఒక రింగులో ఆపేస్తే చేప లేదు, ఊరికే రా. రెండయితే ఒక గంప తే. మూడయితే తోటికోడల్ని కూడా లేపుకుని రా, ఐసు చూడు. ఎత్తడం అనే మాటే లేదు. ఎత్తితే చేసినవాడికి డబ్బు పోతుంది. వాసుపల్లి దానయ్య రోజూ అలాగే చేసేవాడు, అతని భార్య కొర్లమ్మ రోజూ అలాగే లెక్కపెట్టుకునేది. నేను రోజూ రాసేవాణ్ణి, ఫలించనిది అని. అటు పక్క ఒడ్డున గంపలు సిద్ధంగా ఉండేవి.

అలా ఉండగా టీవీలో ఒక పాటల పోటీ మొదలైంది. మీకు నచ్చిన పిల్లకు మిస్డ్ కాల్ ఇవ్వండి అన్నారు. జనం పిచ్చెక్కినట్టు ఇచ్చారు. ఆరు రోజుల్లో నా డిస్కు నిండిపోయి ఎర్రదీపం వెలిగింది. హైదరాబాద్‌లో భానోజీ పై అధికారి నరహరి ఫోన్ చేశాడు.

“ఎత్తని కాల్‌కి బిల్లు ఉందా?”

“లేదు సార్.”

“మరి రికార్డు ఎందుకయ్యా? మోస్తున్నాం ఊరికే. ఆపెయ్.”

ఆపడానికి నన్ను నిలపనక్కరలేదు, రాత్రిదాకా ఆగనక్కరలేదు. భోజనం చేసి వచ్చి భానోజీ ఒక్క వరస మార్చాడు. ‘ఎత్తని కాల్స్ రాయి’ అన్నచోట ‘వద్దు’ అని పెట్టాడు. ఎర్రదీపం ఆరిపోయింది. ఒక విషయం చెప్పాలి. రాసిన రికార్డు పోతే వరస నంబరులో ఖాళీ కనబడుతుంది, బిల్లింగ్ యంత్రం గోల పెడుతుంది. రాయనిదానికి నంబరే ఉండదు. కాబట్టి ఖాళీ కూడా ఉండదు. చూసినవాళ్లకు అంతా సరిగ్గానే కనబడుతుంది.

భానోజీ మంచివాడు. కొత్త డిస్కు వచ్చాక మళ్లీ మార్చాలని కాగితం మీద రాసుకున్నాడు కూడా. పాటల పోటీ అయిపోయింది. నెలకు కొత్త డిస్కు వచ్చింది, బిగించాడు. పాతదానికి నాలుగింతలు, లోపలంతా ఖాళీ. కానీ ఏ మార్పు చెయ్యాలన్నా ఒక ఫారం నింపి హైదరాబాద్ పంపాలి. అందులో ఒక గడి ఉంది: ‘ఈ మార్పు వల్ల కంపెనీకి లాభం’. ఆపేటప్పుడు ఆ గడి తేలిగ్గా నిండింది. మళ్లీ పెట్టేటప్పుడు ఏం రాయాలో అతనికి తోచలేదు. రెండుసార్లు మొదలుపెట్టి పక్కన పెట్టాడు. అలా పదకొండు రోజులు గడిచాయి.

పన్నెండో రోజు గురువారం. మార్చి నెల. తెల్లవారుజామున ఐదు గంటల పన్నెండు నిమిషాలకు దానయ్య ఫోను నుంచి కొర్లమ్మ ఫోనుకు ఒక కాల్ వచ్చింది. రెండు రింగులకు ఆగలేదు, మూడుకీ ఆగలేదు. చివరిదాకా మోగి దానంతటదే ఆగింది.

ఒడ్డున ఏం జరిగిందో తర్వాత కొర్లమ్మ నోటనే విన్నాను. ఆమె ఫోను చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి తోటికోడల్ని లేపింది.

“నీలా, ఈయాల ఆపట్లేదే మీ బావ. మోగుతానే ఉన్నాది. మా గంపలు సాలవు, మీయి కూడా తే.”

నీలమ్మ కళ్లు నులుముకుంటూ, “బావకి బటన్ల ఏలు ఇరుక్కుపోనాదేటో” అంది.

“ఏలు ఇరుక్కోలేదు, వంజరం సేపలు ఇరుక్కున్నాయి వలల.”

“ఎత్తి సూడకపోనావా అప్పా?”

“ఎత్తితే ఒడ్డుకొచ్చి తిడతాడు. డబ్బులు సెట్లకి కాస్తన్నాయేటంటాడు.”

ఇద్దరూ నవ్వుకుంటూ ఐదు గంపలు మోసుకుని ఒడ్డుకు వెళ్లారు. సూర్యుడు పైకొచ్చాడు. మిగతా బోట్లు వచ్చాయి. దానయ్య బోటు రాలేదు. అందులో దానయ్య, అతని తమ్ముడు, నీలమ్మ భర్త పోలిరాజు, ఇంకో ఇద్దరు ఉన్నారు. దక్షిణాన దూరంగా లోతు నీళ్లలో వల వేస్తామని చెప్పి వెళ్లారు. సాయంత్రందాకా చూసి ఊరివాళ్లు పోలీసు స్టేషన్‌కి పరుగెత్తారు.

జరిగింది ఇది. తిరుగు దారిలో ఇంజను ఆగిపోయింది. నీటి వాలు వాళ్లను ఉత్తరానికి లాక్కుపోయింది. తెల్లవారుతుండగా ఒకచోట సిగ్నల్ అందింది. నాలుగు ఫోన్లలో మూడు తడిసిపోయాయి. నాలుగోదాంట్లో ప్రాణం కొంచెమే మిగిలింది. దానయ్య చేసింది గంపల కాల్ కాదు. ఎత్తు, ఎత్తు అనుకుంటూ చెవికి పెట్టుకునే ఉన్నాడట. మోగి మోగి ఆగింది. ఫోను ఆరిపోయింది.

శుక్రవారం ఉదయం గాలింపు చేసే అధికారుల దగ్గర నుంచి కంపెనీకి ఉత్తరం వచ్చింది. ఐదు గంటల పన్నెండుకు ఈ నంబరు నుంచి కాల్ వచ్చిందని భార్య చెబుతోంది. వచ్చిందా? వస్తే ఏ టవర్ మీద నుంచి? చేతిలో ఉన్నది రెండు మరబోట్లు, ఎటు పంపాలో చెప్పండి. అంతే ఉత్తరం.

భానోజీ నా ముందు కూర్చుని నంబరు కొట్టాడు. నేను ‘లేదు’ అన్నాను. ఇంకోసారి కొట్టాడు. ‘లేదు’ అన్నాను. తాను ఆపేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. లేచి నా పక్క యంత్రంలో వెతికాడు. ఫోను ఆఖరిగా ఎక్కడ కనబడిందో దానికి కొంతసేపు జ్ఞాపకం ఉంటుంది. ఫోను ఆరిపోయి ఒక రాత్రి గడిస్తే అదీ తుడిచేస్తుంది. తుడిచేసింది.

అప్పుడే కొర్లమ్మ వచ్చింది, నీలమ్మతో. చెప్పులు బయట విడిచి తలుపు దగ్గర నిలబడింది. చలికి కొంగు కప్పుకుంది.

“బాబూ, ఏ టవర్ల ఒచ్చినాదో మీ మిసన్ల ఉంటాదని సెప్పినారు.”

“అన్నీ ఉండవమ్మా.”

“ఇదిగో నా ఫోన్ల ఉన్నాది. ఐదు గంటల పన్నెండని నీలమ్మ కూతురు సదివినాది. రబ్బరు బేండు ఏసిన ఫోన్ల ఉన్నది ఇంత బీరువాలో లేదేటి?”

“ఎత్తిన కాల్సే రాస్తుందమ్మా ఇది.”

కొర్లమ్మ నావైపు చూసింది. “ఎత్తకపోతే పిలిసినట్టు కాదేటి?”

నీలమ్మ ఆమె రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. భానోజీ జవాబు ఉత్తరం రాసి, పంపేముందు నరహరికి ఫోన్‌లో చదివి వినిపించాడు.

“‘ఆ సమయంలో ఆ నంబరు నుంచి కాల్ రికార్డు లేదు.’ అక్కడితో ఆపెయ్” అన్నాడు నరహరి.

“సార్, కింద ఇంకో వాక్యం పెట్టాను. ఎత్తని కాల్స్‌కు రికార్డు రాయడం ఆపేశాం, కాబట్టి రికార్డు లేదంటే కాల్ రాలేదని కాదు, అని.”

“అది పెడితే ఎన్ని ప్రశ్నలొస్తాయో తెలుసా? ఎందుకు ఆపారు, ఎవరు ఆపమన్నారు, డిస్కు వచ్చాక ఎందుకు పెట్టలేదు. ఎవరు చెప్పుకుంటారు? వాళ్లడిగింది రికార్డు ఉందా లేదా. లేదు. మనం అబద్ధం చెప్తున్నామా?”

“అబద్ధం కాదు సార్.”

“మరి పంపించు.”

భానోజీ ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. అతని ఉద్యోగం పోతే అనకాపల్లిలో ఏమవుతుందో లెక్క వేసుకున్నాడేమో. మనుషులు అలాంటప్పుడు వేసే లెక్కలు నాకు అందవు. వాక్యం తుడిచేసి ఉత్తరం పంపించాడు.

రికార్డు లేదన్న మాట అటువైపు చేరేసరికి కాల్ లేదన్న మాట అయింది. ఆ ఇల్లాలు కంగారులో పాత కాల్ చూసి ఉంటుంది, ఫోన్‌లో టైము తప్పుగా పెట్టి ఉంటారు అనుకున్నారు. కాల్ రాలేదంటే బోటు ఇంకా సిగ్నల్ అందని దూరంలోనే ఉంది. అంటే వల వేసినచోటే, దక్షిణాన. చినగరువుపేట ముసలివాళ్లు నీటి వాలు ఉత్తరానికి ఉందని మొత్తుకున్నారు. కాగితం లేని మాటకంటే కాగితం ఉన్న మాటకే బరువు. శనివారం, ఆదివారం రెండు బోట్లూ దక్షిణాన గాలించాయి.

సోమవారం సాయంత్రం బారువకు ఎదురుగా, ఉత్తరాన, చేపలకు వచ్చిన ఒక పెద్ద మరపడవ వాళ్లకు బోటు కనబడింది. ముగ్గురు బతికి ఉన్నారు. దానయ్య లేడు. ఆసుపత్రిలో పోలిరాజు నోరు విప్పగానే చెప్పింది ఇదేనట: “మా అన్న ఈ పొద్దుటి దాకా ఉన్నాడు.”

ఆ మాట మూడో రోజుకు నా గదిదాకా వచ్చింది. భానోజీ కుర్చీ నా వెనక్కి లాక్కుని, ఎవరికీ కనబడనిచోట కూర్చున్నాడు. తర్వాత ఫారం తీశాడు. కంపెనీకి లాభం అన్న గడిలో ‘మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది’ అని రాసి పంపాడు. రెండు రోజుల్లో మంజూరైంది. అంత తొందరగా ఏ ఫారమూ రావడం నేను చూడలేదు. నరహరి ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను మళ్లీ రాయడం మొదలుపెట్టాను. మొదటి గంటలో పదకొండు వేల ఎత్తని కాల్స్. ఒక్కొక్కటీ ఏ టవరో, ఏ నిమిషమో. ఎవరూ అడగలేదు.

ఆ ఏడాది వానాకాలంలో కొర్లమ్మ నా గది ఊడవడానికి వచ్చింది. శుభ్రం చేసే కాంట్రాక్టరుకు ఆమె పేరు చెప్పింది భానోజీయే. ఎందుకు చెప్పాడో ఆమెకు చెప్పలేదు. ఆమె మాత్రం రోజూ పని మొదలుపెట్టేముందు అతనికి దణ్ణం పెట్టేది. అతను కంప్యూటర్‌లోకి చూసేవాడు.

ఆమె నేర్చిన మొదటి మాట ‘ముట్టవద్దు’. అది నా ఒంటి మీద ఏడుచోట్ల అంటించి ఉండేది. అదేటని అడిగింది, భానోజీ చదివి చెప్పాడు. “ముట్టుకోకుండా దులపడం ఎలాగ బాబూ, మంత్రమేస్తే దుమ్ము పోతాదేటి” అంది. ముట్టుకునే దులిపేది. ఆమె చేతులు వచ్చాక నా కన్నాలు మునుపటికంటే బాగా పీల్చాయి. ముట్టవద్దు తర్వాత ‘తలుపు మూయవలెను’ నేర్చింది, దాని తర్వాత తన పేరు. అప్పుడే తమ పేటలో ఆడవాళ్లకు సాయంత్రం బడి పెట్టారని చెప్పి అందులో చేరింది.

ఐదేళ్లు గడిచాక ఒక పొద్దున్న గీతల కాగితం ఒకటి తెచ్చి భానోజీ ముందు పెట్టింది. బడిలో సొంతంగా ఒక వాక్యం రాయమన్నారట. వంకర టింకర అక్షరాలతో ఉంది. ‘భానోజీ బాబు నాకు పని ఇప్పించినాడు.’

అతను దాన్ని చదివి మఫ్లర్ విప్పి బల్ల మీద పెట్టాడు. “కూర్చోమ్మా” అన్నాడు. అంతా చెప్పాడు. ఎత్తని కాల్స్ రాయకపోవడం నా పుట్టుక గుణం కాదని, తానే ఆపానని. డిస్కు వచ్చి పదకొండు రోజులైందని. గడిలో ఏం రాయాలో తోచలేదని. ఉత్తరంలోంచి ఒక వాక్యం తుడిచేశానని.

కొర్లమ్మ నా పక్కన, వెచ్చటి గాలి వచ్చేచోట, నేల మీద కూర్చుంది.

“ఆ ముక్క ఉంటే ఉత్తరానికెల్దురా?”

“వెళ్లేవాళ్లేమో. నాకు తెలీదమ్మా.”

“సుక్కురవారం కదా నాను ఒచ్చినది.”

“శుక్రవారం.”

“సోమారం పొద్దుటి దాకా ఉన్నాడు.”

అతను తలూపాడు.

ఆమె చీపురు పుల్లలు సరిచేసుకుంది. “ఆకుపచ్చ బటను నా బొటనేలి కిందే ఉన్నాది” అంది. “నొక్కితే సాలు. నాను గంపలు లెక్కెట్టుకున్నాను. నవ్వినాను కూడా. నిన్ను తిట్టాలంటే ముందు నన్ను తిట్టుకోవాల.”

“అది వేరమ్మా, ఇది వేరు. నాకు తెలిసి చేశాను.”

“ఔను. ఏరే.” లేచి నిలబడింది. “అందుకే ఊరుకున్నాననుకోకు. ఇన్నేళ్లు దణ్ణం పెట్టించుకున్నావు. నా పని నాను సేసుకుంటాను. నివ్వు నాతో మాటాడకు.”

కాగితం తీసుకోకుండానే వెళ్లిపోయింది. మర్నాడు వచ్చింది, దణ్ణం పెట్టలేదు, ఊడ్చి వెళ్లింది. రెండు నెలలు అలాగే. మధ్యలో ఒక రోజు నా ఫ్యాను ఒకటి ఆగిపోయి లోపల వేడెక్కింది. అలారం ఇంకా మోగలేదు. ఆమె చెయ్యి పెట్టి చూసి, గోడకేసి చూస్తూ, “దీనికి ఊపిరాడతన్నట్టు లేదు. సూసుకోండి ఎవరన్నా” అంది. గదిలో ఉన్నది భానోజీ ఒక్కడే. అతను పరుగున వచ్చాడు. అప్పటి నుంచి ఏదో కాస్త మాట కలిసింది. మునుపటిలా మాత్రం కాదు.

ఆమెలో ఒక మార్పు నేను రికార్డుల్లో చూస్తూనే ఉన్నాను. ఆ మార్చి తర్వాత ఆమె నంబరుకు వచ్చిన ఏ కాల్ కూడా మోగి ఆగిపోలేదు. రాంగ్ నంబర్లు, లోను కావాలా అనేవాళ్లు, రికార్డు చేసిన గొంతులు, అన్నీ ఎత్తుతుంది. ఊడుస్తూ ఉన్నా చీపురు పడేసి ఎత్తుతుంది. “ఎవులు బాబూ? లోనేటీ ఒద్దు గానీ, నివ్వు అన్నం తిన్నావేటి?” అంటుంది. అటువైపు పిల్లలు మొదట నవ్వుతారు. ఒక్కోసారి నాలుగు నిమిషాలు మాట్లాడతారు. నాలుగు నిమిషాలు అని రాసుకునేవాణ్ణి.

తర్వాత మా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. నా పని ఎక్కడో ఒక ఊళ్లో ఒంటికి రూపం లేని యంత్రాలు చేస్తాయన్నారు. నన్ను ఆపే రోజున భానోజీ వచ్చాడు. జుట్టు నెరిసింది. కొర్లమ్మ కూడా వచ్చింది, ఆ రోజు ఆమె డ్యూటీ కాకపోయినా.

“దీన్ల మా ఆయనవి ఏటన్నా ఉన్నాయా?” అని అడిగింది.

“ఎప్పుడో తుడిచేశారమ్మా. నేను అప్పట్లో చూశాను. నాలుగేళ్లలో అతను మాట్లాడిన కాల్స్ మొత్తం పద్నాలుగు.”

“పద్నాలుగు ఎక్కువే” అంది. “ఎవులితో మాటాడినాడో.”

భానోజీ నవ్వబోయి ఆగాడు. స్విచ్ తీశాడు. నా ఫ్యాన్లు ఒకటొకటిగా నెమ్మదించాయి. ఆమె అలవాటు కొద్దీ నా తలుపు కొంగుతో ఒకసారి తుడిచి చెప్పులు వేసుకుంది.

ఇప్పుడు నేను ఆటోనగర్‌లో ఒక ఇనుప సామాన్ల షెడ్డులో ఉన్నాను. నా ఒంట్లో బంగారం పూత ఉన్న ముక్కలు ఊడదీసి ఒక డబ్బాలో, రాగి ఇంకో డబ్బాలో వేస్తున్నారు. నా నుదుటి జల్లెడ విప్పినప్పుడు ఎర్రటి పొడి రాలితే, విప్పుతున్నతను తుప్పు అనుకుని ఉఫ్ అని ఊదాడు.

పని లేనివాడికి ఆలోచన ఎక్కువ. ఇన్నేళ్లలో కోట్ల రికార్డులు రాశాను, ఒక్కటీ తప్పు పోలేదు. ఆ శుక్రవారం నన్ను రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ లేదన్నాను. నేను చెప్పింది తప్పు కాదు. భానోజీ పంపిన ఉత్తరంలోనూ తప్పు మాట ఒక్కటీ లేదు. ఎవరైనా అబద్ధమాడి ఉంటే కనీసం దాన్ని పట్టుకుని ఏడవడానికైనా ఉండేది.

వాసుపల్లి కొర్లమ్మ
వయసు యాభై ఎనిమిది
ఇప్పుడు ఉంటున్నది విశాఖపట్నం ఆరిలోవలో, తోటికోడలు నీలమ్మ ఇంటి పక్క గదిలో